ఓడని దాచిపెట్టకు

అమ్మాయ్,

నైలు నది క్రూయిజ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. దానికి ముందు పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్ కూడా విన్నాను. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. వాయిస్ మెసేజే బాగుంది.

అందులో ఏం చెప్పావో నీకు గుర్తుందో లేదో! లక్సర్ రేవులో పొద్దున్నే లేచి కర్టెన్ తీస్తే నది కనబడలేదన్నావు. పక్కనే ఇంకో ఓడ ఆనించి ఉంది. ఎదురు కిటికీలో ఎవరో పెద్దాయన పళ్ళు తోముకుంటున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని గభాల్న కర్టెన్లు మూసేశారు. ఒడ్డుకి దిగాలంటే మధ్యలో ఉన్న ఓడల లాబీలన్నీ దాటుకుంటూ వెళ్ళాలి, ప్రతి లాబీలోనూ అదే మెరిసే నేల, అదే సెంటు వాసన, తిరిగొచ్చేటప్పుడు మీ అత్తగారు "మన ఓడ ఏదమ్మా?" అని కంగారు పడిపోయారు. వ్యాసంలో ఇందులో ఒక్క ముక్క లేదు. "నైలు అలలపై ఉదయభానుడు స్వర్ణకాంతులు వెదజల్లుతుండగా" అని మొదలుపెట్టావు. ఆ ఉదయభానుడు ట్రావెల్ ఏజెంటు కరపత్రంలోవాడు. పళ్ళు తోముకునే పెద్దాయన నీకు మాత్రమే దొరికాడు.

నీ వ్యాసం ఓడ దగ్గర కరపత్రంలా, గుడి దగ్గర పాఠ్యపుస్తకంలా నడిచింది. ఓడలో ఉన్నంతసేపూ మెత్తటి పరుపు, టవల్‌తో మడిచిన హంస, రకరకాల డిజర్టులు. గుడి గడప దాటగానే ఓడ మాయం! కర్నాక్‌లో 134 స్తంభాల మధ్య నువ్వొక్కదానివే వేల ఏళ్ళ వెనక్కి నడిచిపోయినట్టు రాశావు. జెండా ఎత్తిపట్టిన గైడు లేడు, మెడలో ఇయర్‌ఫోన్లు వేలాడేసుకున్న మీ బృందం లేదు, భోజనం వేళకి ఓడెక్కాలన్న టెన్షన్ లేదు. యాత్రలు రాసేవాళ్ళు చాలామంది ఇదే చేస్తారు. తాము ఏ కుర్చీలో కూర్చుని చూశారో ఆ కుర్చీ ఒక్కటి తప్ప అన్నీ వర్ణిస్తారు. నేను చెప్పదలుచుకున్నదల్లా ఇదే. ఓడని దాచకు. నువ్వు గుడిలో ఉన్నప్పుడు కూడా ఆ ఓడ నీ వెనకాలే ఉంది.

దాచకపోతే ఏమొస్తుందని అడుగుతావు. ఎస్నా దగ్గర ఏం జరిగిందో చూడు. అక్కడ లాకు దాటడానికి ఓడలు వరసలో ఆగుతాయి. చిన్న పడవల్లో బట్టలమ్మేవాళ్ళు వచ్చి, ఓడకి తాడు కట్టి, గలాబియాలని, అంటే అక్కడివాళ్ళు వేసుకునే వదులైన పొడుగు చొక్కాల్ని, ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి పై డెక్ మీదకి విసురుతారు. నచ్చితే డబ్బులు సంచిలో పెట్టి కిందకి విసరాలి, నచ్చకపోతే బట్టే విసరాలి. మీ ఆయన బేరమాడి ఒకటి కొన్నాడన్నావు. మర్నాడు రాత్రి ఓడలో గలాబియా పార్టీ, అందులో ఆయన డాన్సు. ఇవన్నీ నువ్వు సరదా ఖాతాలో వేసి, ఎడ్ఫూ గుడిని చరిత్ర ఖాతాలో వేశావు. కానీ ఆ పగలే నువ్వు ఎడ్ఫూ గోపురం ముందు నిలబడి ఫొటో తీసుకున్నావు కదా. ఆ గోడ మీద శత్రువుల జుట్టు పట్టుకుని గద ఎత్తిన ఫారో ఎవరు? పన్నెండో టాలెమీ, క్లియోపాత్రా తండ్రి. వాళ్ళ వంశం మాసిడోనియా నుంచి వచ్చిన గ్రీకులది. పరాయి దేశపు రాజు ఆ ఊరి దేవుడి ముందు ఆ ఊరి వేషంలో నిలబడ్డాడు. పగలు ఆయన్ని చూసి, రాత్రి గలాబియాల్లో గెంతులేసే మీ బృందాన్ని చూశాక, ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఒక్క పేరా రాయకుండా ఎలా ఉండగలిగావు? పోలిక నువ్వు చెప్పక్కర్లేదు కూడా. పక్కపక్కన పెడితే చాలు, చదివేవాళ్ళు నవ్వుకుంటారు.

అన్నట్టు, ఎడ్ఫూని "మూడు వేల ఏళ్ళ నాటి ఆలయం" అన్నావు. క్రీ.పూ. 237లో మొదలుపెట్టి 57లో ముగించారు. టుటంఖమున్ అనే ఫారో చచ్చిపోయి అప్పటికే వెయ్యేళ్ళు దాటింది. ఈజిప్టు అనగానే అన్నీ ఒకే వయసు అనుకోవద్దు. ఆ గుడి అంత చెక్కుచెదరకుండా ఎందుకుందో మీ గైడు చెప్పే ఉంటాడు. ఇసుకలో, మట్టిలో కూరుకుపోయింది, పైకప్పు మీద ఊరివాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు. 1860లలో ఫ్రెంచి పురావస్తువేత్త మారియెట్ ఆ ఇళ్ళు తీయించి తవ్వించాడు. ఆ ఇళ్ళవాళ్ళు నీ వ్యాసంలోకి రాలేదు. గుడికి తీసుకెళ్ళే బండి గుర్రం డొక్కలు బయటపడ్డాయని, ఎక్కనని మొండికేసిన మీ అత్తగారూ రాలేదు. ఆవిడని మాత్రం తప్పకుండా తీసుకురా.

ఇంకో దిద్దుబాటు. లక్సర్ నుంచి అస్వాన్‌కి "వాలుగా సాగిపోయాం" అని రాశావు. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, మీరు ఎదురు నీళ్ళలో వెళ్ళారు. ఇంజన్లు లేని రోజుల్లో ఉత్తరపు గాలి తెరచాపల్ని పైకి నెట్టేది. ఆ ఏసీ గదిలో నీకు ఎదురీదుతున్న సంగతే తెలియలేదంటే, లగ్జరీ గురించి అంతకన్నా బాగా చెప్పే వాక్యం ఇంకోటి ఉండదు. అది రాయి.

ఇప్పుడు ఫారోల సమాధులున్న రాజుల లోయ. నువ్వు ఎక్కువగా కష్టపడి, తక్కువగా సాధించింది ఇక్కడే. సమాధి తెరిచినవాళ్ళని చంపిందనే టుటంఖమున్ శాపం పేరా పూర్తిగా కొట్టేయి. తవ్వకాలకి డబ్బు పెట్టిన కార్నర్వన్ ప్రభువు 1923లో దోమకాటు పుండై చీము పట్టి పోయాడు, సమాధి తెరిచిన కార్టర్ 1939 దాకా బతికాడు. "బానిసల కొరడా దెబ్బల సాక్షిగా" అన్న వాక్యం కూడా తీసేయి. ఆ సమాధులు తొలిచి, రంగులు వేసినవాళ్ళు జీతగాళ్ళు. లోయకి దగ్గర్లోనే, ఇప్పుడు డైర్ ఎల్ మదీనా అంటున్న చోట వాళ్ళ ఊరుంది. జీతం గోధుమలు, బార్లీ రూపంలో ముట్టేది. ఎవరు ఏ రోజు ఎందుకు పనికి రాలేదో సున్నపురాయి పెచ్చు మీద రాసిపెట్టిన హాజరు పట్టీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒకడికి తేలు కుట్టింది, ఒకడికి కంటి జబ్బు, ఇంకొకడు ఇంట్లో బీరు కాచుకుంటున్నాడు. మూడో రామ్సెస్ ఏలుబడి 29వ ఏట కూలి గింజలు రాక, వాళ్ళు పని ఆపేసి వెళ్ళి గుళ్ళ దగ్గర బైఠాయించారు. ఆకలి, దప్పిక, ఒంటికి బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు అని చెప్పుకున్నారు. ఆ గొడవంతా రాసిన పపైరస్ ఇప్పుడు ఇటలీలోని ట్యూరిన్‌లో ఉంది. లోకంలో రాతపూర్వకంగా దొరికిన మొదటి సమ్మె ఇదేనంటారు.

ఆ ఊరు మీ ప్యాకేజీలో లేదు. మెమ్నోన్ విగ్రహాలు, హాత్షెప్సుట్ గుడి చూపించి ఓడకి తిప్పేశారు. కానీ ఆఖరి రాత్రి టిప్పుల కవరు మీ గది బల్ల మీదకి వచ్చింది కదా. ఎంత పెట్టాలి, గైడుది వేరేనా, గది సర్దే అబ్బాయికి విడిగా ఇవ్వాలా అని మీ ఇంట్లోవాళ్ళ మధ్య పెద్ద చర్చ జరిగిందన్నావు. సమ్మె కథ పక్కన పెట్టాల్సింది ఆ కవరుని. పెళ్ళిలో వడ్డించేవాళ్ళ మొహం చూడకుండా తిని లేచినట్టు ఉంది ఇప్పుడు నీ వ్యాసం. హంస మడిచిన అబ్బాయి పేరు కూడా నాకు తెలియలేదు. అలాగని వాళ్ళ మీద జాలి ఒలకబోయకు. డబ్బు పెట్టి సుఖంగా తిరిగినందుకు క్షమాపణలూ వద్దు, చదవడానికి చాలా విసుగ్గా ఉంటాయి. ఆ అబ్బాయి ఎన్నాళ్ళకోసారి ఇంటికెళతాడో అడిగి ఉంటే ఆ జవాబు రాయి, అడగకపోతే కవరు సంగతి మాత్రం రాయి.

అబూ సింబెల్ దగ్గర "ప్రపంచంలో మరెక్కడా ఇలా గుడిని ఊడదీసి కదిలించలేదు" అన్నావు. నీ పుట్టిల్లు మాచర్ల కదమ్మా! నాగార్జునసాగర్ నీళ్ళు రాకముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయని తవ్వి, కొన్ని కట్టడాల్ని కొండ మీదా అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. అబూ సింబెల్‌ని కోసి అస్వాన్ హై డ్యామ్ నీళ్ళలో మునగకుండా 65 మీటర్లు పైకి ఎత్తింది 1964-68లో, ఫిలే గుడిని అగిల్కియా ద్వీపానికి మార్చింది 1972-80లో. ఇది రాయగలిగే హక్కూ అవకాశమూ నీకున్నాయి, కైరో నుంచి రాసేవాడికి లేవు. గుళ్ళు పైకి వెళ్ళాయి, మరి ఊళ్ళు? అస్వాన్ హై డ్యామ్ కింద అక్కడి నైలు ఒడ్డున తరతరాలుగా ఉంటున్న నూబియన్లు దాదాపు 50,000 మంది ఇళ్ళు వదిలేసి కోమ్ ఓంబో వైపు తరలిపోయారు. కోమ్ ఓంబోలో నువ్వు మొసలి మమ్మీల గురించి ఒక పేజీ రాశావు. అస్వాన్‌లో నూబియన్ ఊరికి మోటారు బోటులో వెళ్ళి, మొసలి పిల్లని చేతిలో పట్టుకుని ఫొటో దిగావు. మధ్యలో ఉన్న ఆ మనుషుల్ని దాటేశావు. సాగర్ కింద ఊరు పోగొట్టుకున్న పెద్దవాళ్ళు మీ చుట్టుపక్కల ఇంకా ఉండొచ్చు, సెలవులకి వచ్చినప్పుడు వెతుకు. వాళ్ళ మాటలు ఈ వ్యాసంలో పనికిరాకపోయినా తర్వాతదానికి పనికొస్తాయి.

"అద్భుతం", "అపురూపం", "కాలం స్తంభించింది" అన్నవాటికి ఎర్ర గీత పెట్టాను. వాటి జోలికి వెళ్ళకుండా ఇంకోసారి రాసి పంపు. ఫొటోలు వద్దు, నిడివి సగమైనా పరవాలేదు. వాయిస్ మెసేజ్‌లో మీ అత్తగారు బఫే దగ్గర ఆవకాయ సీసా తీస్తే ఓడ వంటాయన వచ్చి రుచి చూశాడన్నావు, ఈలోగా పిల్లాడు ఏడిస్తే ఫోన్ పెట్టేశావు. ఆయన ఏమన్నాడో అదీ రాయి.

ఉంటాను.
మాస్టారు