రాని టీచరు పీరియడ్‌లో పాఠం జరగాలంటే

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

సెలవు పెట్టిన టీచరు బదులు క్లాసుకు వెళితే నిజంగా పాఠం చెప్పగలమా, ఊరికే పిల్లల్ని కాపలా కాసి రావడమేనా అని అడిగావు. చాలా క్లాసుల్లో జరిగేది కాపలానే. చెప్పడం రాక కాదు, ఆ పీరియడ్‌లో ఏం చెప్పాలో ఎవరూ తేల్చుకోకపోవడం వల్ల. కొందరు "చప్పుడు చెయ్యకుండా చదువుకోండి" అని కుర్చీలో కూర్చుంటారు. మరికొందరు ఉత్సాహంగా కొత్త పాఠం ఎత్తుకుంటారు, అదింకా నష్టం. అసలు టీచరు భిన్నాల కూడికను క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతిలో నేర్పుతుంటే నువ్వు వెళ్లి అడ్డగుణకారం చూపించావనుకో, పిల్లలు రెండూ కలిపేసుకుంటారు. ఆ చిక్కు విడదియ్యడానికి ఆవిడకు మరో రెండు పీరియడ్లు పడుతుంది. అందుకని పిల్లలకు సగం వచ్చి సగం రాని విషయం ఒక్కటి పట్టుకో. 45 నిమిషాలకు అది చాలు.

న్యూయార్క్ నగరం బడుల వివరాలు తీసుకుని హెర్మాన్, రాకాఫ్ అనే ఇద్దరు చేసిన పరిశోధన 2012లో అచ్చయింది. టీచరు ఎక్కువ రోజులు రాకపోతే మొత్తం నష్టం పెరిగినా, రోజు లెక్కన చూస్తే విడివిడిగా పెట్టే చిన్న సెలవుల్లోనే నష్టం ఎక్కువని అందులో తేలింది. బదులుగా ఎక్కువ రోజులు వెళ్లే మనిషికి క్లాసు అలవాటవుతుంది, ఒక్కరోజు వెళ్లేవాళ్లకు ఆ వీలుండదు. కాబట్టి ఒక్క పీరియడే కదా అనుకోకుండా దానికే ముందు సిద్ధపడు.

క్లాసు ఎక్కడిదాకా వచ్చిందో అందర్నీ కలిపి అడగకు, పది జవాబులొస్తాయి. "ఈ పాఠం అయిపోయింది టీచర్" అనేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. ముందు బెంచీలో ఒకరిది, మధ్యలో ఒకరిది, చివరి బెంచీలో ఒకరిది నోట్సు తీసుకుని ఆఖరి రెండు పేజీలు చూడు. చివరి తేదీ, దిద్దిన తప్పులు, సగంలో ఆగిన లెక్క, అన్నీ అక్కడే దొరుకుతాయి. కుదిరితే నోట్సులు ముందే స్టాఫ్ రూముకు తెప్పించుకో.

లోపలికి వెళ్లగానే మాట్లాడకు, బోర్డు మీద ఒక లెక్క వేసి పుస్తకాలు మూసి చెయ్యమను. వాళ్లు రాస్తుండగా హాజరు వేసుకో. పేర్లు పిలుస్తూ మొదలుపెడితే ఆ ఐదు నిమిషాల్లోనే ఇది ఖాళీ పీరియడ్ అని క్లాసు తీర్మానించేస్తుంది.

1/2 + 1/3 ఇచ్చావనుకుందాం. చాలామంది 2/5 అని రాస్తారు. తప్పు అని కొట్టెయ్యకు. "2/5 పెద్దదా, 1/2 పెద్దదా?" అని అడుగు. రెంటినీ పదో భాగాల్లోకి మారిస్తే 4/10, 5/10. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందని అడిగి ఆగు. ప్రశ్న వేశాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే చూపించింది: టీచర్లు మామూలుగా ఒక్క సెకను కూడా ఆగరు, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబుల పొడవు, లోతు రెండూ పెరుగుతాయి. కొత్త మొహం ముందు నోరు విప్పాలంటే వాళ్లకు ఆ వ్యవధి మరీ అవసరం.

తరవాత బోర్డు మీద ఒక పట్టీ గీసి ఆరు గళ్లు చెయ్యి. సగమంటే మూడు గళ్లు, మూడో వంతు అంటే రెండు, మొత్తం 5/6. ఆరే ఎందుకు, ఐదు గళ్లు చేస్తే ఏమవుతుందో వాళ్లతోనే చెప్పించు. ఆపైన 1/2 + 1/4, 2/3 + 1/6, 1/3 + 1/4 వరసగా ఇవ్వు. మొదటి రెంటిలో ఒక హారమే రెండోదానికి గుణిజం, మూడోదానిలో కాదు. వరస తిరగేస్తే వెనకబడ్డవాళ్లు మొదట్లోనే చేతులెత్తేస్తారు. నువ్వు బెంచీల మధ్య తిరుగుతూ చూడు. కుర్చీలో కూర్చుంటే ఎవరు ఎక్కడ ఆగారో తెలియదు.

నీది కాని సబ్జెక్టు వస్తే కంగారు పడకు. పాఠ్యపుస్తకంలో చేసి చూపిన లెక్క తీసుకుని మధ్యలో ఒక మెట్టు చెరిపేసి బోర్డు మీద రాయి. ఆ మెట్టు ఏమిటో, ఎందుకో పిల్లలే చెప్పాలి. సైన్సు అయితే బొమ్మలో పేర్లు తీసేసి నింపమను. సందేహానికి జవాబు తెలియకపోతే ఊహించి చెప్పకు, మీ టీచర్ని అడగాల్సిన ప్రశ్న అని రాసిపెట్టు. వీడియో వేసి ఊరుకోవడం మాత్రం వద్దు, ముందు రెండు ప్రశ్నలివ్వకపోతే అది సినిమానే.

చివరి ఐదు నిమిషాలు చిన్న కాగితం మీద ఒక్క లెక్క, ఎవరి సాయమూ లేకుండా. ఆ కాగితాలు మూడు కుప్పలు చెయ్యి: సరిగ్గా చేసినవి, హారం కుదిరి లవం తప్పినవి, పైది పైదానికీ కిందది కిందదానికీ కలిపేసినవి.

సెలవు వారం దాటితే ఇదంతా చాలదు. టీచరుకు ఫోన్ చేసి పాఠాల వరస, పద్ధతి కనుక్కుని అప్పుడు కొత్త పాఠం మొదలుపెట్టు. నోట్సులు నువ్వే దిద్దాలి. దిద్దరని తెలిస్తే పిల్లలు రాయడం మానేస్తారు.

తిరిగొచ్చే టీచరుకు చీటీ రాసేటప్పుడు ఎవరు అల్లరి చేశారన్న జాబితా వద్దు, దానితో ఆవిడకు పనిలేదు. ఏ లెక్క దగ్గర ఆపావు, ఎవరు రాలేదు, ఏ కుప్పలో ఎంతమంది, ఏ ప్రశ్న మిగిలింది, నాలుగు వాక్యాలు రాయి. మూడో కుప్ప కాగితాలు దానికే పిన్ను కొట్టి హాజరు పట్టీలో పెట్టు. బల్ల సొరుగులో వేస్తే వారం దాకా ఎవరూ చూడరు.