అమ్మను ‘గృహిణి’ అని రాయమంటున్నాడు అన్నయ్య

ప్రశ్న: మా అమ్మ ఒక చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లు వంటలు చేసి మమ్మల్ని పెంచింది. మొదట ఒక హాస్టల్లో, తర్వాత ఫంక్షన్లకు. పోయి తొమ్మిది నెలలైంది. ఏడాది నిండేలోపు అమ్మ జీవితం గురించి నాలుగు పేజీలు రాసి అందరికీ ఇద్దామనుకున్నాం. అన్నయ్య మాత్రం ‘వంటమనిషి అని రాయొద్దు, గృహిణి అని రాయి’ అంటున్నాడు. నాకు కోపం వచ్చింది. కానీ చిన్నప్పుడు స్కూల్లో మా అమ్మ ఆఫీసులో పనిచేస్తుందని అబద్ధం చెప్పింది నేనే. ఇన్నేళ్లలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మ చేసే కూర ఎన్నిసార్లు చేసినా ఆ రుచి రావడం లేదు. ఎక్కడైనా కాగే నూనె వాసన తగిలితే ఏడుపు ఆగడం లేదు. నేను బాగానే ఉన్నానా?

జవాబు: ఏడుపు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే టెన్షన్ అక్కడే ఎక్కువగా కనిపిస్తోంది. చూసినవీ విన్నవీ మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి వెళ్తాయి. వాసనకు ఆ మజిలీ లేదు. భావోద్వేగాలు చూసే అమిగ్డలాకు, జ్ఞాపకాలు చూసే హిప్పోక్యాంపస్‌కు దగ్గర దారిలో చేరిపోతుంది. అమ్మ ఫొటో ముందు నిబ్బరంగా ఉండి నూనె వాసనకు ఏడుస్తున్నారంటే వింతేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే జబ్బుల జాబితా ఐసీడీ-11, ఆరు నెలలు దాటినా తీవ్రంగా ఉండి, రోజువారీ జీవితం సాగనివ్వని దుఃఖాన్ని ఒక మానసిక సమస్యగా లెక్కిస్తుంది. అంటే నెలల లెక్క ఒక్కటే చాలదు. మీరు పనికి వెళ్తున్నారా, నిద్ర పడుతోందా, మనుషులతో మాట్లాడగలుగుతున్నారా? అవునంటే మీరు బాగానే ఉన్నారు. లేదంటే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవండి.

ఇక అన్నయ్య. ‘గృహిణి’ అని రాయకండి. ఆ మాటలో తప్పేమీ లేదు, కానీ మీ అమ్మ విషయంలో అది నిజం కాదు. ముప్పై ఏళ్లు పరాయి పొయ్యిల ముందు నిలబడి సంపాదించిన మనిషి కష్టాన్ని ఒక్క మాటతో కొట్టేసినట్టవుతుంది. ఈ విషయంలో నేను మీ వైపే.

అయితే అన్నయ్యకు అమ్మంటే చిన్నచూపు అని మాత్రం అనుకోకండి. ఆయన మీకంటే పెద్దవాడు. మీరు చూడనివి చూసి ఉండొచ్చు. తోడు వెళ్లి గిన్నెలు మోసి ఉండొచ్చు. ‘వంటమనిషి ఎక్కడ?’ అని ఎవరో అమ్మ వయసు కూడా చూడకుండా కేకేయడం విని ఉండొచ్చు. డబ్బు కోసం ఆమెను గుమ్మం బయట ఎంతసేపు నిలబెట్టారో ఆయనకు గుర్తుండి ఉండొచ్చు. మీరు ఆ మాటలో అమ్మ పనిని వింటున్నారు, ఆయన ఆ కేకను వింటున్నాడేమో. ఇవన్నీ నా ఊహలే. ‘ఆ మాట ఎందుకు వద్దు?’ అని వాదించకండి. ‘అమ్మతో వెళ్లినప్పుడు నువ్వేం చూశావు?’ అని అడిగి, ఆయన చెప్పేదాకా ఆగండి. అడ్డుపడకుండా వినండి.

పదం గొడవకు నాకు తోచిన దారి ఒకటే: ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే అమ్మ తన నోటితో ఏమని చెప్పేది? ‘వంటలు చేస్తాను’ అనేదా? ఆ మాటే రాయండి. తన పనికి తను పెట్టుకున్న పేరు ఎలాగూ ఆమెదే.

నాలుగు పేజీలూ ‘అమ్మ చేతి అమృతం’తో నింపకండి. అది ఏ అమ్మకైనా సరిపోతుంది. రెండు వందల మందికి ఉప్పు ఎలా అంచనా వేసేదో రాయండి. కూర చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు తాకించి, కళ్లు మూసి ఒక్క క్షణం ఆగేదా? మోచేతి కింద నూనె చిందిన మచ్చ ఎప్పటిదో, ఆ రోజు పని ఆపిందో లేదో రాయండి. మోకాళ్ల నొప్పులు రాయండి, కోపం రాయండి, ఎగ్గొట్టిన బాకీలూ రాయండి. ఆమెతో కూరగాయలు తరిగినవాళ్లు, గిన్నెలు తోమినవాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉంటే వెళ్లి కలవండి. నలుగురి చేత పని చేయించిన మనిషి, పని మధ్యలో పగలబడి నవ్విన మనిషి వాళ్లకు తెలుసు. మీకు ఇంటికొచ్చాక అలసిపోయిన అమ్మే ఎక్కువగా తెలిసి ఉంటుంది.

రుచి రాకపోవడం మీ చేతి లోపం కాదు. రెండు వందల మంది కూరను యాభైతో భాగిస్తే నలుగురి కూర కాదు. చిన్న గిన్నెలో నీరు త్వరగా ఇగిరిపోతుంది. పెద్ద గిన్నె దించాక కూడా చాలాసేపు వేడి పట్టుకుని ఉంటుంది, కూర లోపల మగ్గుతూనే ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే. పొయ్యి దగ్గర నిలబడ్డ ముక్కు కాసేపటికి ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. వండినవాళ్లకు తినబుద్ధి కాదంటారే, అందుకు ఇదీ ఒక కారణం. మీ అమ్మ తను వండింది తృప్తిగా తినడం మీకు గుర్తుందా? చిన్నప్పుడు మీరు పొయ్యి దగ్గర లేరు, ఆకలితో వచ్చి తిన్నారు. ఇప్పుడు ఆమె నిలబడ్డ చోట నిలబడి, అప్పుడు మీరు తిన్న రుచి వెతుకుతున్నారు.

ఇక ఆ అబద్ధం. అమ్మకు తెలుసా అని మీరు అడగలేదు గానీ ఉత్తరం నిండా ఆ ప్రశ్నే ఉంది. తెలుసో లేదో నేను చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను: వంట పని సిగ్గుపడాల్సిందని ఏ పిల్లా తనంతట తాను కనిపెట్టదు. పెద్దవాళ్లు అమ్మతో మాట్లాడే తీరు చూసే నేర్చుకుంటుంది. మీరూ అన్నయ్యా ఒకే గాయాన్ని రెండు రకాలుగా దాచుకున్నారేమో అనిపిస్తోంది నాకు. మీరు అప్పుడు ‘ఆఫీసు’ అన్నారు, ఆయన ఇప్పుడు ‘గృహిణి’ అంటున్నాడు.

అందుకని ఈసారి ఆ కూర అన్నయ్యను వండమనండి. మీరు వంటింట్లోకి వెళ్లకండి, వీలైతే కాసేపు బయట తిరిగి రండి. ఆయన వడ్డించాక, ఇద్దరూ కూర్చున్నాక, ఆ స్కూలు సంగతి మొదట ఆయనకే చెప్పండి.