అజంప్షనా, ఇన్ఫరెన్సా: క్లాట్‌లో తికమక

ప్రశ్న: మా అమ్మాయి అమలాపురంలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష అయిన క్లాట్‌కు సిద్ధమవుతోంది. లాజికల్ రీజనింగ్‌లో అజంప్షన్, స్ట్రెంతెన్, ఇన్ఫరెన్స్ ప్రశ్నలు ఒకేలా ఉన్నాయంటూ తరచూ తప్పు ఆప్షనే గుర్తిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ఈ మూడింటికీ ఇచ్చే ఆప్షన్లు పాసేజీకి దగ్గరగానే ఉంటాయి కాబట్టి, పాసేజీ బాగా అర్థమైన పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు రాయవలసిన ఈ పరీక్షలో తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది.

మీ ప్రాంతపు మాటే తీసుకుందాం. "ఈ ఏడాది కాలువలకు కిందటేడు కంటే రెండు వారాలు ముందుగా, జూన్ 1నే నీరు వదిలారు, కాబట్టి సార్వా (ఖరీఫ్ వరి) కోతలు నవంబరు తుపాన్లకు ముందే పూర్తవుతాయి" అని పాసేజీలో ఉందనుకోండి.

"నీరు వచ్చాక రైతులు నారు పోయడం బాగా ఆలస్యం చేయరు" అన్నది అజంప్షన్. రచయిత ఆ మాట పైకి అనలేదు గానీ, దాన్ని తిరగేసి "బాగా ఆలస్యం చేస్తారు" అంటే వాదన అక్కడికక్కడే కూలిపోతుంది. "ఈసారి చాలామంది స్వల్పకాలిక రకాలు వేస్తున్నారు" అన్నది స్ట్రెంతెన్. అది వాదనకు బయటి నుంచి బలమిస్తుందే తప్ప వాదన దాని మీద ఆధారపడి లేదు. ఎందుకంటే దాదాపు 150 రోజుల్లో పండే స్వర్ణ రకం వరే వేసినా, జూన్ 1న నారు పోస్తే అక్టోబరు నెలాఖరుకు పంట కోతకు వస్తుంది. తిరగేసి చూసే ఈ పరీక్ష ఒక్కటి అలవాటైతే ఈ రెండింటి మధ్య తికమక చాలావరకు తగ్గుతుంది.

ఇన్ఫరెన్స్‌కు ఆ పరీక్ష అక్కరలేదు. పాసేజీ నిజమైతే తప్పనిసరిగా నిజమయ్యేదే జవాబు: "కిందటేడు జూన్ 1 నాటికి కాలువలకు నీరు వదలలేదు." సాదాసీదాగా కనిపించే ఈ ఆప్షన్‌ను వదిలి పిల్లలు "ఈసారి రైతుకు నష్టం ఉండదు" అన్నదాన్ని గుర్తిస్తారు. తెగుళ్ల గురించి గానీ ధర గురించి గానీ పాసేజీలో ఒక్క ముక్కా లేదు. (వ్యవసాయం తెలిసిన ఇంటి పిల్లలకు ఇలాంటి చోట సొంత అనుభవమే అడ్డం వస్తుంది.)

ఒక నెలపాటు ఆప్షన్లను చేత్తో మూసి, ముందు ప్రశ్న ఏ రకమో పక్కన రాయమనండి. మాక్ టెస్టులో తప్పుపోయిన ప్రతి ప్రశ్నకూ తాను ఏ రకమనుకుందో, నిజానికి అది ఏ రకమో ఒక నోట్‌బుక్‌లో రాయించండి. వేగం సంగతి ఆ నెల తర్వాత చూసుకోవచ్చు.