గుడ్డ పీలికలతో చిన్న కార్డులు: మాట పక్కన పెట్టి ముందు మూట విప్పండి

"నెలకో మాట ఇచ్చి, దాని మీద గుడ్డతో చిన్న ఆర్ట్ కార్డు చేయమనే ఛాలెంజ్‌లో చేరాను, సామాన్లన్నీ కొన్నాను, మూడు నెలలైనా ఒక్క కార్డూ పూర్తి కాలేదు. ఈ నెల మాట 'తలుపు'. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని మీరు అడిగారు. నేనూ ఏడాది పాటు ఇదే బాపతు కాబట్టి చెప్తున్నాను.

మాట ఇవ్వగానే ఫోన్‌లో బొమ్మలు వెతకడం నా మొదటి తప్పు. 'వాన' అంటే మబ్బు, గొడుగు, చినుకులు, కాగితప్పడవ, అన్నీ కావాలి నాకు. కార్డు చూస్తేనేమో పేకముక్కంత! వెడల్పు 2.5 అంగుళాలు, పొడవు 3.5. ఆ కొలత ఎవరో సరదాకి పెట్టింది కాదు. 1997లో జ్యూరిక్‌లో స్టిర్నెమాన్ అనే కళాకారుడు ఈ ఆర్ట్ కార్డులు మార్చుకునే పద్ధతి మొదలుపెట్టినప్పటి నుంచీ ఉన్నదే. అమ్మకూడదు, ఒకరికొకరు మార్చుకోవాలి అన్నది కూడా అప్పటి నియమమే. అమ్మేది కాదు అనుకుంటే సగం టెన్షన్ పోతుంది, నాకైతే పోయింది.

ఇప్పుడు నేను మాట చదివి పక్కన పెట్టి, ముందు పీలికల మూట విప్పుతాను. మా వీధి చివర టైలర్ భాయ్ కట్ చేయగా మిగిలిన ముక్కలు నా కోసం ఒక సంచిలో పడేస్తాడు. "దీంతో దిండు కూడా నిండదు మేడమ్" అని నవ్వుతాడు కానీ ఇస్తాడు.

వాన కార్డు ఆ సంచిలోంచే వచ్చింది. నీలం-తెలుపు పోచంపల్లి కాటన్ ముక్క, అరచేతిలో సగం కూడా లేదు. అంచు పీచు లేచి ఉంటే ఊరికే ఒక దారం లాగాను. చిటికి కట్టి, అంటే అక్కడక్కడా బిగించి కట్టి, రంగేసిన నూలు కదా, పడుగు (నిలువు) దారం ప్రతిదీ కొంత దూరం నీలంగా పోయి, మెల్లగా తెల్లబడి, మళ్ళీ నీలమవుతుంది. కింద నుంచి పేక (అడ్డ) దారాలు సూది మొనతో ఒక్కొక్కటే లాగేశాను. ఒకటిన్నర అంగుళం లాగేసరికి పడుగు దారాలు వేలాడుతూ మిగిలాయి. పైన నేత మబ్బు, కింద వాన. ఇంకేమీ పెట్టలేదు. మూలన ఎర్ర దారంతో ఒక్క ముడి కుట్టు వేశాను, గొడుగనుకుంటే గొడుగు. గంటలో అయిపోయింది. అంతకుముందు పదిహేను రోజులు గొడుగులు గీస్తూ కూర్చున్నాను!

ఒక మాట, అచ్చు వేసిన గుడ్డతో ఇది కుదరదు. వెనక్కి తిప్పి చూడండి, రంగు వెలవెలబోయి కనిపిస్తే అది అచ్చు. ఇలా చిటికి కట్టి నేసింది రెండు వైపులా ఒకేలా ఉంటుంది.

ఇక పని వరస. బ్లౌజు మెడకు వేసే పేస్టింగ్ క్యాన్వాస్ తెలుసు కదా, ఇస్త్రీ పెడితే అతుక్కునేది. గుడ్డ వెనక అది అంటించుకుంటే పీచు లేవదు, కార్డు నిలబడుతుంది (దారాలు లాగే చోట మాత్రం వద్దు, దారం రాదు). ఇస్త్రీ, తర్వాత కుట్టు, ఆఖరున జిగురు. నేను దీన్ని తిరగేసి చేసేదాన్ని. ఫెవికాల్ రాసి ఎండాక కుడితే సూది దిగదు, బలవంతంగా గుచ్చితే వేలికి దిగుతుంది. కాగితం మీద కుట్టేటప్పుడు ముందే సూదితో దూరదూరంగా కన్నాలు పెట్టుకోండి. దగ్గర దగ్గరగా పడ్డాయా, స్టాంపు చింపినట్టు వరసంతా ఊడి వస్తుంది.

'ప్రయాణం' అన్న నెల సిటీ బస్సులో మిషన్ కొట్టి ఇచ్చిన టికెట్ అంటించి, మడతలు పోవాలని పైన ఇస్త్రీ పెట్టాను. టికెట్ మొత్తం నల్లబడిపోయింది. అది వేడికి అచ్చయ్యే కాగితమని అప్పుడు తెలిసింది. జిరాక్స్ తీసి వాడుకోండి. పాత కాగితంలా కనిపించాలని కప్పులో మిగిలిన ఇరానీ చాయ్ పూసిన ఘనత కూడా నాదే. పాలు, పంచదార ఉన్న చాయ్ అది. తెల్లారేసరికి కార్డు నిండా చీమలు. టీ పొడి ఒక్కటే నీళ్ళలో మరిగించి పూయాలి.

సామాన్లంటారా, ఇంకేమీ కొనకండి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో లేసులు చూస్తే నాకూ చెయ్యి ఆగదు, అందుకే ఆరు నెలలుగా అటు పోవడం మానేశాను. ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర మాత్రం మినహాయింపు. అట్ట ఊడిన అట్లాస్ ఒకటి దొరికితే ఏడాది పాటు కాగితానికి లోటుండదు.

మీ 'తలుపు'కి నేనైతే పాత చొక్కా తీస్తాను. బొత్తాల పట్టీ నడిమికి వచ్చేలా కార్డు కొలతకు కత్తిరించండి. చొక్కా బొత్తాలు దూరదూరంగా ఉంటాయి కాబట్టి మధ్యలో ఒక్కటే పడుతుంది, అదే గడియ. కింద ఇంకో గుడ్డ వేసి, పట్టీ తెరుచుకునేలా వదిలేసి, మిగతా అంచులు చుట్టూ కాజా కుట్టుతో కలిపేయండి. బొత్తాం విప్పితే లోపల ఏం కనిపించాలో మీరే చూసుకోండి. నేనైతే పసుపు గుడ్డ ముక్క ఒకటి పెడతాను, దీపం వెలుగులా ఉంటుందని. వెనక పేరు, తేదీ రాసేది బాల్‌పెన్‌తో రాయండి. జెల్ పెన్ను వానాకాలంలో పోస్టులో వెళ్తే అలుక్కుపోతుంది.