సమాధి గోతిని ప్రమాదం లేకుండా తవ్వడం గురించి

శ్మశానవాటికలో తవ్వేవాళ్లు దొరకనప్పుడు మీలో కొందరే గొయ్యి తవ్వవలసి వస్తోందని, ఎంత లోతు తవ్వాలో, గోడలు విరిగి పడకుండా ఏం చేయాలో చెప్పమని అడిగారు. ఖననాలకు గోతులు తవ్వే జట్టులో చాలాకాలంగా పనిచేస్తున్నాను కాబట్టి, ఈ పనిలో ముందుగా తెలుసుకోవలసినది గట్టు బరువు గురించేనని నా అభిప్రాయం. తవ్వి తీసిన మట్టిని అంచునే కుప్ప పోయడం, పక్కనున్న సమాధి రాయిని అలాగే వదిలేయడం, చూడడానికి వచ్చినవాళ్లు గట్టు మీదే నిలబడడం, ఇవన్నీ కలిసి గోడను లోపలికి తోస్తాయి.

ఒక ఘనమీటరు మట్టి 1,500 కిలోలకు పైగా బరువుంటుంది. అందువల్ల గోతిలో వంగి పనిచేస్తున్న మనిషిపై గోడలో చిన్న భాగం విరిగి పడినా తప్పించుకునే వ్యవధి ఉండదు. ఛాతీ దాకా పూడుకుపోయినవాడికి తల బయటే ఉన్నా, ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి మరింత బిగుసుకుని మళ్లీ పీల్చుకోనివ్వదు. అలాంటప్పుడు ఆత్రంతో లోపలికి దూకినవారిపై రెండో పెళ్ల విరిగి పడే ప్రమాదం ఉంది కాబట్టి, ముందు అత్యవసర సేవలకు కబురు చేసి, గట్టు మీదివారిని దూరంగా పంపి, గోడలకు ఊతం పెట్టిన తర్వాతే చేతులతో, చిన్న పారలతో మట్టి తీయాలి. పూడిన మనిషిని తాడు కట్టి లాగకూడదు, యంత్రంతో తవ్వకూడదు.

లోతు విషయానికి వస్తే, ప్రతి గొయ్యీ ఆరడుగులు ఉండాలన్న నమ్మకం చాలామందిలో ఉంది గాని, ఒకే దేహాన్ని ఉంచే గోతికి అంత లోతు సాధారణంగా అవసరం లేదు. పెట్టె పైభాగానికీ నేల మట్టానికీ మధ్య 3 అడుగుల మట్టి ఉండేలా మేము చూసుకుంటాము. అందుకు నాలుగున్నర నుంచి 5 అడుగుల లోతు సరిపోతుంది. మీ శ్మశానవాటిక నిబంధన ఇంతకన్నా ఎక్కువ లోతు కోరితే దాన్నే పాటించాలి. అనవసరంగా తవ్విన ప్రతి అడుగూ గోడ మీద ఒత్తిడిని పెంచుతుంది. అమెరికా కార్మిక భద్రతా నిబంధనల ప్రకారం, గట్టి బండలో తప్ప, 5 అడుగులు లేదా అంతకు మించిన తవ్వకంలో గోడలకు రక్షణ తప్పనిసరి; లోతు అంతకన్నా తక్కువైనా కూలే సూచన కనిపిస్తే రక్షణ ఉండాల్సిందే. మట్టి కుప్పను అంచు నుంచి కనీసం 2 అడుగుల దూరంలో ఉంచాలని కూడా అవే నిబంధనలు చెబుతాయి. స్థలం ఉన్నచోట మేము ఇంకా దూరంగా, ఒకే పక్కన పోస్తాము.

చోటు ఎంచుకునేటప్పుడు నీటి సంగతి మరవకండి. బ్రిటన్ పర్యావరణ నిబంధనలు తాగునీటి బావికీ సమాధికీ మధ్య కనీసం 250 మీటర్ల దూరం, గోతి అడుగు కింద కనీసం ఒక మీటరు పొడి నేల ఉండాలంటాయి. తవ్వుతుండగా అడుగున ఊట కనిపిస్తే ఆగి, వేరే చోటు చూడడమే మంచిది, ఎందుకంటే నీరు చేరిన గోడ పాదం మెత్తబడి, పైభాగం గట్టిగా కనిపిస్తున్నా ఒక్కసారిగా జారిపోతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పాత సమాధుల వరుసలో తవ్వవలసి రావడం. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి ఎన్నేళ్లయినా కదలని నేలంత గట్టిపడదు. పక్క సమాధిలోని పెట్టె కుంగి లోపల ఖాళీ ఏర్పడి ఉంటే, మన గోడ వెనుక మన కంటికి కనిపించని గుల్ల ఉన్నట్టే. అందుకే తవ్వకానికి ముందు ఇనుప కడ్డీని నేలలో దించి చూస్తాము, పక్కనున్న రాళ్లను వీలైతే తీసి పక్కన పెడతాము, తీయలేనివాటికి దన్ను కడతాము. ఇలాంటి చోట గోడలను ఏటవాలుగా చెక్కడానికి వీలుండదు గనుక పలకలే దిక్కు: పొడవు గోడలు రెండింటికీ మందమైన పలకలను నిలువుగా ఆనించి, వాటి మధ్య అడ్డకర్రలను మేకులతో బిగించి, లోతు పెరిగేకొద్దీ కిందికి పెంచుకుంటూ పోవాలి. మొదటి ఊతాన్ని పైనుంచే పెట్టాలి. ఊతం లేని గోడ మధ్యకు ఎవరూ దిగకూడదు. ఇసుక నేల తవ్వుతుండగానే జారుతుంది కాబట్టి జాగ్రత్త దానంతటదే వస్తుంది గాని, బంకమట్టి మాత్రం తవ్విన మొదటి గంటల్లో గోడ కట్టినట్టు నిటారుగా నిలబడి మనల్ని నమ్మిస్తుంది, ఆరిన కొద్దీ నెర్రెలిచ్చి పెళ్లలుగా విరుగుతుంది. అంచుకు సమాంతరంగా నేల మీద నెర్రె కనిపించినా, గోడ నుంచి చిన్న గడ్డలు రాలుతున్నా, గోడ ఉబ్బినట్టున్నా వెంటనే బయటికి రండి. వాన పడిన తర్వాత, రాత్రి గడిచిన తర్వాత గోడలను మళ్లీ పరిశీలించకుండా దిగకండి.

ఒంటరిగా ఎప్పుడూ తవ్వకూడదు: ఒకరు లోపల ఉంటే మరొకరు గట్టుకు కాస్త దూరంగా నిలబడి గోడలనే గమనించాలి. నాలుగు అడుగులు దాటితే నిచ్చెన గోతిలోనే ఉండాలి, దాని పైకొస అంచుకు 3 అడుగులు ఎత్తున ఉండాలి. పాత సమాధిని గానీ మూసిన గదిని గానీ తిరిగి తెరిచినప్పుడు లోపల ప్రాణవాయువు తగ్గి చెడుగాలి నిలిచి ఉండవచ్చు గనుక, దాన్ని కొలిచే పరికరం ఉన్న నిపుణులు చూడకుండా అందులోకి తల కూడా వంచవద్దు. తవ్వకంలో పాత ఎముకలు బయటపడితే పని ఆపి నిర్వాహకులకు తెలియజేయాలి. వారు అంగీకరిస్తే శుభ్రమైన గుడ్డలో చుట్టి అదే గోతి అడుగున గౌరవంగా ఉంచుతాము. చేతి తొడుగులు, గట్టి బూట్లు, ధనుర్వాతం టీకా తప్పనిసరి.

తవ్వడం పూర్తయినంత మాత్రాన ప్రమాదం తీరలేదు, దేహాన్ని దించే వేళ గట్టు మీద బరువు ఎక్కువవుతుంది. దుఃఖంలో ఉన్నవారు ఎంత వారించినా అంచు దాకా వస్తారు, అది వారి హక్కు కూడా. అందువల్ల వారిని కసరడం కన్నా, పొడవు గట్లు రెండింటి మీదా వెడల్పైన పలకలు పరిచి బరువు విస్తరించేలా చూడడం, తల వైపు, కాళ్ల వైపు స్థలం విడిచిపెట్టి నిలబడే చోటు ముందే చెప్పడం మేలు. పెట్టెను గోతికి అడ్డంగా వేసిన దుంగల మీద ముందు ఆనించి, పట్టీలు సరిచూసి, ఒకరి మాటకే అందరూ కలిసి దించాలి.

పూడ్చేటప్పుడు అడుగు నుంచి మట్టి పైకి వచ్చేకొద్దీ ఊతాలను కింది నుంచి ఒక్కొక్కటిగా తీస్తూ రావాలి. మట్టిని పొరలుగా వేసి, పెట్టెపై నేరుగా బరువు పడకుండా తొక్కి, పైన కొంత మిట్టగా వదలాలి. నేల కుంగడం నెలల తరబడి కొనసాగుతుంది కనుక, శాశ్వతమైన రాయిని ఆరు నెలలైనా ఆగి, కుంగుడు ఆగిన తర్వాతే నిలపండి.