కారు లేకుండా అమ్మానాన్నలకు చూపించాలంటే కోవ్‌కి తీసుకెళ్లండి

ఐర్లండ్‌లో, డబ్లిన్‌లో ఉంటున్నాం, వేసవిలో అమ్మానాన్నలు వస్తున్నారు, కారు లేదు, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అందరూ వెళ్లే మోహర్ కొండచరియలు కాకుండా ఒక చిన్న సముద్రపు ఊరు చెప్పమని అడిగారు కదా. నేను కార్క్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నవాణ్ణి. ఇంటికి ఎవరొచ్చినా ముందు తీసుకెళ్లేది కార్క్ పక్కనే ఉన్న సముద్రపు ఊరు కోవ్‌కే. స్పెల్లింగ్ (Cobh) చూసి ‘కోబ్’ అనకండి. ఇంగ్లిష్‌ ‘కోవ్’నే ఐరిష్ పద్ధతిలో రాసుకున్నారంతే, చివర బి, హెచ్ కలిసి ‘వ’ అవుతుంది. నేను ఏడాదిపాటు కోబ్ కోబ్ అంటూ తిరిగాను, ఒక్కరూ సరిదిద్దలేదు. మర్యాదస్తులు.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే కార్క్‌కి రెండున్నర గంటల పైనే పడుతుంది. దిగిన కెంట్ స్టేషన్‌లోనే కోవ్ రైలు దొరుకుతుంది, ఇంకో ఇరవై అయిదు నిమిషాలు. ఒక్కరోజులో వెళ్లి రావచ్చు గానీ పెద్దవాళ్లతో వద్దు, కార్క్‌లో ఒక రాత్రి ఉండండి. కోవ్‌కి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, చాలాదూరం నీళ్లు పట్టాల పక్కనే ఉంటాయి. మా అమ్మ ఆ ఇరవై అయిదు నిమిషాలూ ఫోన్ వంక చూడలేదు.

స్టేషన్ నుంచి బయటికొస్తే సముద్రం ఎదురుగానే. ఊరంతా కొండవాలు మీద మెట్లుమెట్లుగా ఉంటుంది, పైన సెయింట్ కోల్మన్ కెథీడ్రల్. 1868లో మొదలుపెడితే పూర్తి కావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. మోకాళ్ల విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. నాన్నని కింద నుంచి నడిపించి, సగం దారిలో ఎవరింటి అరుగు మీదో కూర్చోబెట్టాల్సి వచ్చింది. టాక్సీలో పైకి వెళ్లి, చూసి, మెల్లగా దిగుతూ రండి. గోపురంలో 49 గంటలున్నాయి, వాటితో పాటలు వాయిస్తారు. వేసవి ఆదివారాల్లో సాయంత్రం కచేరీ ఉంటుంది, టైము ముందే చూసుకోండి. ఆ గంటలు వినాలంటే లోపల కాదు, కింద సముద్రం ఒడ్డున కూర్చోవాలి.

ఫోటోల్లో మీరు చూసే ఉంటారు, రంగురంగుల ఇళ్లు వాలు మీద ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి వెనక కెథీడ్రల్ కనబడే దృశ్యం. ఆ వీధి పేరు వెస్ట్ వ్యూ, మొత్తం 23 ఇళ్లు. ఊరివాళ్లు ‘పేకముక్కలు’ అంటారు, అడుగున ఉన్నది కూలితే మిగతావన్నీ దాని మీద పడతాయని. ఎదురుగా ఉన్న చిన్న పార్కు నుంచి ఫోటో బాగా వస్తుంది. కుర్రాళ్లు ఇంకా మంచి ఫోటో కోసం పైవీధిలో గోడలెక్కుతుంటారు. మనకొద్దు.

ఇక అందరూ వెళ్లేది టైటానిక్ కోసం. 1912 ఏప్రిల్ 11న ఆ ఓడ చివరిసారి ఆగింది ఇక్కడే. అప్పట్లో ఊరి పేరు క్వీన్స్‌టౌన్, 1849లో విక్టోరియా రాణి వచ్చిందని పెట్టిన పేరు, 1920లో తీసేశారు. ఓడ రేవులోకి రాలేదు, అంత పెద్దది కాబట్టి బయటే లంగరేసింది. ఇక్కడ ఎక్కిన 123 మందినీ చిన్న ఓడల్లో చేరవేశారు. టైటానిక్‌ని నడిపిన కంపెనీ వైట్ స్టార్ లైన్ అప్పటి టికెట్ ఆఫీసే ఇప్పుడు మ్యూజియం. లోపలికి వెళ్లేటప్పుడు ఆ 123 మందిలో ఒకరి పేరుతో బోర్డింగ్ కార్డు ఇస్తారు, బతికారో లేదో చివర్లో తెలుస్తుంది. మా అమ్మ కార్డులో మనిషి బతికింది. నాన్న కార్డు ఆయన బతకలేదు. ఆ సాయంత్రమంతా నాన్న ఆయన గురించే అడుగుతూ ఉన్నాడు, ఏ ఊరు, పెళ్లయిందా, వెనక ఎవరున్నారు అని.

అసలు చూడాల్సింది ఆ ఆఫీసు వెనకే ఉంది. పాత చెక్క రేవు, సగం కుళ్లిపోయి గుంజలు మాత్రం నీళ్లలో నిలబడి ఉన్నాయి. ఎక్కనివ్వరు, చూడొచ్చంతే. టైటానిక్‌వాళ్లు నేల మీద చివరి అడుగు వేసింది దాని మీదే. ఒక్క టైటానిక్ అని కాదు, 1840ల నాటి ఐర్లండ్ కరువు తర్వాత వందేళ్లలో ఈ ఊరి నుంచి దేశం వదిలి వెళ్లినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ప్రయాణానికి ముందురాత్రి ఇంట్లో చావు జరిగినట్టే బంధువులంతా కూడి, తాగి, పాడి, ఏడ్చి పంపేవారట, దాన్నే ‘అమెరికన్ వేక్’ అనేవారు. ఇది చెప్తే నాన్న, "మరి నిన్ను పంపినప్పుడు శంషాబాద్‌కి రెండు సుమోల్లో వచ్చాంగా, మీ అమ్మమ్మ ఏడ్చింది చాలదా" అన్నాడు. స్టేషన్ దగ్గర అనీ మూర్ విగ్రహం ఉంటుంది, ఇద్దరు తమ్ముళ్లతో. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో వలస వచ్చేవాళ్లని నమోదు చేసుకునే ఎల్లిస్ ఐలాండ్ కేంద్రం తెరిచినప్పుడు మొదట పేరు రాయించుకున్న వలసదారు ఆ అమ్మాయే. అమ్మానాన్నలు అప్పటికే అమెరికాలో ఉన్నారు, ఈ పిల్లే తమ్ముళ్లని తీసుకెళ్లింది. మా అమ్మ ఆ విగ్రహం దగ్గరే ఎక్కువసేపు నిలబడింది.

తిండి సంగతికొస్తే, శాకాహారులైతే కేఫుల్లో స్కోన్లు, చిప్స్, సూపు దాటి పెద్దగా ఆశ పెట్టుకోకండి. మేం పులిహోర కట్టుకెళ్లి నీళ్ల పక్కన పార్కులో బెంచీ మీద తిన్నాం. సీగల్స్‌తో మాత్రం జాగ్రత్త, అప్పడం చేతిలోంచే ఎత్తుకుపోయింది.

ఎదురుగా కనబడేది స్పైక్ ఐలాండ్. నక్షత్రాకారపు కోట, తర్వాత జైలు. పడవలో పావుగంట లోపే. మేం బుక్ చేసుకోకుండా ఆగస్టు శనివారం వెళ్లి వెనక్కి తిరిగాం, తప్పు మాదే. పైగా దిగాక కోట వరకూ ఎత్తు ఎక్కాలి, మీ నాన్నగారికి చూసుకోండి. అదే రైలు దారిలో ఫోటా వైల్డ్‌లైఫ్ పార్క్ కూడా ఉంది, స్టేషన్ పక్కనే. పిల్లలుంటే దానికి వేరే రోజు పెట్టుకోండి. మళ్లీ కోవ్‌కొస్తే, లూసిటేనియా అనే ఓడ స్మారకం ఊరి మధ్య చౌరస్తాలోనే ఉంది. 1915లో జర్మన్ జలాంతర్గామి ముంచిన ఆ ఓడ తాలూకు దొరికిన శవాల్లో చాలా ఊరి పైన ఉన్న పాత శ్మశానంలో సామూహిక సమాధుల్లో ఉన్నాయి.

కారు ఉన్న స్నేహితులెవరైనా దొరికితే ఇంకో రోజు పశ్చిమ కార్క్‌లో అహాకిస్తా అనే పల్లెకి వెళ్లండి. 1985 జూన్ 23న ఈ తీరానికి దూరంగా సముద్రం మీద బాంబు పేలి కూలిపోయిన ఎయిర్ ఇండియా విమానం ‘కనిష్క’ గుర్తుందా? పోయిన 329 మంది పేర్లతో అక్కడ సముద్రం ఒడ్డునే స్మారకం ఉంది. ఏటా ఆ రోజు పొద్దున అక్కడ జనం కూడతారు.

చివరిగా రెండు మాటలు. పెద్ద క్రూజ్ ఓడ వచ్చే రోజున ఊరు కిక్కిరిసిపోతుంది, రేవు షెడ్యూల్ ఆన్‌లైన్‌లో ఉంటుంది, చూసి వెళ్లండి. జులై అయినా సరే గాలి కొట్టేస్తుంది, గొడుగు పనికిరాదు. నాన్నగారిని మంకీ క్యాప్ పెట్టెలో పెట్టుకోమనండి.