ఫోన్ మూగబోయిందని పక్కవాళ్ల చేతికివ్వకు

నల్లగొండ

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. పాలమూరు బస్టాండులో, చూపులేని మనకు తెర చదివి వినిపించే ఫోన్ నీ చేతిలో ఉన్నట్టుండి మాట్లాడటం మానేసిందట. పక్కనున్న పిల్లగాడికి ఇస్తే వాడు లాక్ నంబర్ అడిగాడట, నువ్వు చెప్పావట. కోప్పడటానికి రాయడం లేదు. చీకటి పడే వేళ, బస్సు ఏదో తెలియని టెన్షన్‌లో ఎవరైనా అదే చేస్తారు. కానీ నీ 4016 రూపాయల పింఛను పడే బ్యాంకు ఖాతా, కాలేజీ కాగితాలు, అమ్మతో మాట్లాడే మాటలు, అన్నీ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. ముందు లాక్ నంబర్, యూపీఐ పిన్ రెండూ ఇవాళే మార్చు. తర్వాత ఈ ఉత్తరం మళ్లీ విను.

చూపు లేకుండా ఇన్నేళ్లుగా ఫోన్ వాడుతున్నవాడిగా నేను గట్టిగా నమ్మేది ఒకటే. ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు మూగబోతుంది. దాన్ని మళ్లీ మాట్లాడించే దారి నీ వేళ్లకు ముందే తెలిసి ఉండాలి. ఆ క్షణంలో నేర్చుకుందామంటే కుదరదు.

ఫోన్‌లో మాట్లాడేది టాక్‌బ్యాక్, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర చదివే ప్రోగ్రామ్, అదొక్కటే అనుకుంటాం. అది తెర మీద ఉన్నదాన్ని పట్టుకుంటుంది, అంతే. పలికే గొంతు వేరు, దాన్ని టీటీఎస్ ఇంజిన్ అంటారు. ఆ గొంతుకు సౌండ్ కూడా వేరు. రింగ్‌టోన్, పాటల సౌండ్ ఎంత ఉన్నా యాక్సెసిబిలిటీ సౌండ్ తగ్గిపోతే ఫోన్ చచ్చినట్టే అనిపిస్తుంది. అందుకే మూగబోయిన వెంటనే కంగారుగా అన్నీ నొక్కకుండా వేలు తెర మీద మెల్లగా జరిపి చూడు. వేలి కింద చిన్నగా వణుకు తగులుతుందా? తగిలితే టాక్‌బ్యాక్ బతికే ఉంది, మాటే ఎటో పోతోంది. చాలాసార్లు అది బ్యాగులో పడి ఉన్న బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లోకి పోతుంటుంది! ముందు దాన్ని ఆపు. తర్వాత తెర మీద వేలు జరుపుతూనే సౌండ్ పెంచే బటన్ నొక్కు.

వణుకు కూడా లేకపోతే టాక్‌బ్యాకే ఆగిపోయిందనుకో. సౌండ్ బటన్లు రెండూ కలిపి మూడు నాలుగు సెకన్లు నొక్కి పట్టుకో. అయితే సెట్టింగ్స్‌లో ఆ షార్ట్‌కట్ ఆన్ చేసి ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఇంట్లో తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఇప్పుడే ఆన్ చేయించుకో. కావాలని ఆపి, నీ అంతట నువ్వే మళ్లీ తెచ్చుకో. వాడు చూస్తుండాలి గానీ ఫోన్ ముట్టుకోకూడదు. గూగుల్ అసిస్టెంట్ ఉంటే 'టర్న్ ఆన్ టాక్‌బ్యాక్' అని అడిగినా పని జరుగుతుంది. ఐఫోన్ వాడే నీ స్నేహితురాలికి చెప్పు, సెట్ చేసుకుంటే పక్క బటన్ మూడుసార్లు నొక్కగానే వాయిస్‌ఓవర్ వస్తుంది, ఐఫోన్‌లో టాక్‌బ్యాక్ లాంటిది అదే.

ఏదీ పనిచేయకపోతే రీస్టార్ట్. నీ ఫోన్‌లో దానికి ఏ బటన్లు ఎంతసేపు పట్టుకోవాలో ముందే తెలుసుకో, ఫోన్‌ను బట్టి అది మారుతుంది. ఇక్కడే మనవాళ్లు చాలామంది ఇరుక్కుంటారు. రీస్టార్ట్ అయ్యాక మొదటిసారి వేలిముద్ర పనిచేయదు, నంబరే కొట్టాలి. పైగా మనం విడిగా వేసుకున్న కొన్ని గొంతులు లాక్ తీసేదాకా పలకవు. అంటే మాట లేకుండానే నంబర్ కొట్టాల్సి రావచ్చు. అందుకే లాక్‌కు గీతలు గీసే పద్ధతి వద్దు, అంకెలే పెట్టుకో. ఏ అంకె ఎక్కడుందో వణుకును బట్టి వేలికి అలవాటు చేసుకో. ఈ ఒక్కటి నేర్చుకుంటే నీకు సగం భయం పోతుంది.

రెండో గొంతు కూడా ఒకటి ఉంచుకో. గూగుల్ తెలుగు గొంతు వినడానికి బాగుంటుంది, కాదనను. దానికి తోడుగా ఈస్పీక్ అనే ఇంకో టీటీఎస్ ఇంజిన్ వేసి పెట్టు. రేకుల మీద వడగళ్లు పడ్డట్టు ఉంటుందని నీకు నచ్చదేమో. కానీ చాలా తేలికైనది, వెంటనే పలుకుతుంది, తెలుగూ చదువుతుంది. ఒక గొంతు మళ్లీ మళ్లీ విఫలమైతే టాక్‌బ్యాక్ ఇంకో గొంతు కోసం వెతుకుతుంది. ఫోన్‌లో రెండోది లేకపోతే అది మాత్రం ఏం చేస్తుంది?

ఇక షాపుల సంగతి. మన గడియారం సెంటర్ దగ్గర నాకు తెలిసినాయన ఫోన్ మూగబోయిందని ఒక షాపులో ఇచ్చాడు. తాకితే తెరుచుకోవడం లేదు, ఫోన్ హ్యాంగ్ అయిందని వాళ్లు మొత్తం చెరిపేశారు. నంబర్లు, చనిపోయిన తల్లి గొంతు రికార్డులు, అన్నీ పోయాయి. టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది, జరపాలంటే రెండు వేళ్లు కావాలి. చూపున్నవాళ్లకు ఇది తెలియదు. పక్కవాళ్లు చూడకుండా టాక్‌బ్యాక్‌లో తెరను దాచే సెట్టింగ్ నువ్వు ఆన్ చేసి ఉంటే, వాళ్లకు నల్లగా కనిపించి డిస్‌ప్లే పోయిందంటారు. ఈ మాటలు ముందే చెప్పు. ఫోన్ నీ చేతిలోనే ఉండాలి. వాళ్లు తెర మీద ఏముందో చదివితే చాలు, నొక్కేది నువ్వే. 'ఇటివ్వమ్మా, ఒక్క నిమిషం' అని ఎంత మంచిగా అడిగినా ఇవ్వకు.

యాప్‌ల తిప్పలు వేరు. నిన్నటిదాకా 'డబ్బు పంపు' అని పలికిన బటన్, అప్‌డేట్ తర్వాత 'అన్‌లేబుల్డ్ బటన్' అంటుంది. తయారు చేసినవాళ్లు బటన్‌కు పేరు రాయకపోతే టాక్‌బ్యాక్ దగ్గర చదవడానికి ఏమీ ఉండదు. మూడు వేళ్లతో తాకి మెనూ తెరిస్తే కొన్నిచోట్ల నువ్వే పేరు పెట్టుకోవచ్చు. కానీ డబ్బు యాప్‌లో ఆ బటన్ ఏమిటో రూఢిగా తెలియకుండా పేరు పెట్టకు, నొక్కకు. బ్యాంకు యాప్‌కు ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపు. అలాగని నెలల తరబడి పాతదే ఉంచకు, భద్రతకు మంచిది కాదు. ఫీజు కట్టాల్సిన రోజున కాకుండా తీరిక ఉన్న రోజు అప్‌డేట్ చేసి, పది రూపాయలు అమ్మకు పంపి చూడు. పిన్ కొట్టేటప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకో.

వాట్సాప్‌లో కాలేజీ వాళ్లు నోటీసును ఫొటో తీసి పెడితే నీ ఫోన్ ఫొటో అని మాత్రమే అంటుంది. డీటీపీ వాళ్లు వాడే పాత అను ఫాంట్లలో చేసిన తెలుగు పీడీఎఫ్ అయితే అర్థం లేని అక్షరాలు చదువుతుంది. అది నీ ఫోన్ తప్పు కాదు, ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఫోన్లన్నీ అక్షరాలుగా గుర్తుపట్టే పద్ధతిలో లేవు. 'సార్, యూనికోడ్‌లో టైప్ చేసి పెట్టండి' అని అడుగు, ప్రతిసారీ అడుగు. మొహమాటం వద్దు.

ఎందుకు వద్దంటే, ఇది మనకు ఎవరో చేసే ఉపకారం కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోనే ఉంది. కేవైసీకి కళ్లు ఆర్పమనే పద్ధతి మీద వేసిన కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. బ్యాంకు యాప్ పలకకపోతే ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్, ఏ పేజీలో ఏ బటన్, అది ఏమంటోంది, ఏమనాలి, ఇవన్నీ రాసి ఫిర్యాదు పెట్టు. 'యాప్ పనిచేయడం లేదు' అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు. 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి పోవచ్చు. ప్రభుత్వ ఆఫీసు సంగతైతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది. అర్జీ ఇచ్చి రసీదు తీసుకో.

ఆదివారం పొద్దున అమ్మ ఫోన్ నుంచి నాకు కాల్ చెయ్యి. నీ ఫోన్‌ను కావాలని మూగ చేసి, మళ్లీ మాట్లాడించి వినిపించు. ఈస్పీక్ వేసుకోవడం రాకపోతే అప్పుడే చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మామ